స్టింగ్‌రేకి దెబ్బ తగిలితే: మందుకన్నా ముందు నీళ్ళు

ఆక్వేరియంలో పెంచే స్టింగ్‌రే (పళ్ళెంలా చదునుగా, తోకకు విషపు ముల్లుతో ఉండే చేప; పొట్టిగా రే) ఒంటి మీద గాయం కనబడగానే చాలామంది చేయి మందు సీసా మీదికి పోతుంది. పోవలసింది నీళ్ళు పరీక్షించే కిట్ మీదికి. దానికి కారణం ఈ చేప ఒంట్లోనే ఉంది.

మన తీరంలో జాలర్లు టేకు చేప అనే సముద్రపు రేలు రక్తంలో యూరియాను నిలవ చేసుకుంటాయి. అందువల్ల ఒంట్లోని ద్రవాల గాఢత సముద్రపు నీటికి దరిదాపుగా ఉంటుంది. దక్షిణ అమెరికా నదుల్లో స్థిరపడిన పొటామోట్రైగాన్ రేలు ఆ విద్యను వదిలేశాయి. వాటి రక్తంలో యూరియా నామమాత్రమేనని థార్సన్ అనే శాస్త్రవేత్త బృందం 1967లో చూపించింది. మన ఆక్వేరియం షాపుల్లో కనబడే మోటోరో, షింగూ నదికి చెందిన నల్లటి లియోపోల్డి, రెండూ ఈ కోవవే. వీటి ఒంట్లో ఉప్పు ఎక్కువ, చుట్టూ నీటిలో తక్కువ. కాబట్టి నీరు లోపలికి, లవణాలు బయటికి ఎప్పుడూ తోసుకుంటూనే ఉంటాయి. చర్మమూ దాని మీది జిగురూ ఆ తోపుడుకు అడ్డుకట్ట. గాయమంటే ఆ కట్టకు పడ్డ గండి. అందుకే శుభ్రమైన నీటిలో అంచు చిరిగిన రే కోలుకుంటుంది, అమ్మోనియా ఉన్న నీటిలో చిన్న గీతతోనే చిక్కి చచ్చిపోతుంది.

ముందు దెబ్బ ఎలా తగిలిందో కనిపెట్టాలి. లేకపోతే నయమైన చోటే మళ్ళీ తగులుతుంది. గాయం ఆకారమే చాలావరకు చెప్పేస్తుంది. కడ్డీ పెట్టి వాత వేసినట్టు తెల్లటి నిలువు మచ్చ ఉంటే అది హీటర్ కాల్పు. రేలు హీటర్ మీద పడుకుని కాలుతున్నా కదలవు. మచ్చ ఒకటి రెండు రోజులకు గానీ తేలదు, ఆ తర్వాత చర్మం పొరలుగా ఊడుతుంది. హీటర్‌కు ప్లాస్టిక్ జాలీ తొడగడం ఒక దారి, దాన్ని సంప్‌లోకి (ట్యాంకుకు విడిగా ఉండే ఫిల్టర్ తొట్టిలోకి) మార్చేయడం అంతకన్నా మంచి దారి. వీపు మీద గుండ్రంగా గీకినట్టు ఎర్రటి మచ్చలుంటే దోషి సక్కర్ చేప. మన కాలువల్లో చేరి దెయ్యపు చేపగా పేరు మోసినది ఇదే. గాజు మీది పాచి నాకుతుందని తెచ్చి వేస్తారు, రాత్రి పూట అది రే వీపెక్కి జిగురు నాకుతుంది. రేల ట్యాంకులో దానికి చోటివ్వడం పొరపాటనే చెప్పాలి. ఆడ రే పళ్ళెంలాంటి ఒంటి వెనక అంచున అర్ధచంద్రాకారపు గాట్లు జతకట్టే మగదాని కాట్లు. అడుగు భాగం అంతా ఒరుసుకుపోయి ఉంటే గరుకు కంకరే కారణం. దాన్ని తీసేసి మెత్తని ఇసుక వేయాలి, లేదా అడుగు ఖాళీగా వదలాలి.

ఇక నీళ్ళు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకు 20 మి.గ్రా. దాటకుండా చూసుకోవాలి, ఉష్ణోగ్రత 26 నుంచి 28 డిగ్రీలు. అమ్మోనియా అంకె ఒక్కటే చూస్తే చాలదు, పీహెచ్ కూడా చూడాలి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపూరిత రూపం దాదాపు పది రెట్లవుతుంది. నదిలో లవణాలు తక్కువున్న మెత్తని నీటికి అలవాటుపడ్డ చేపను పీహెచ్ 8 ఉన్న బోరు నీటిలో పెంచేవారు ఈ లెక్క మరవకూడదు. గాయపడ్డ మొదటి వారం రోజూ పావు వంతు నీరు మార్చడం మంచిది. కుళాయి నీరైతే క్లోరిన్ విరగ్గొట్టాలి: 1 మి.గ్రా. క్లోరిన్‌కు సుమారు 7 మి.గ్రా. సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు. నీటిలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) ఉంటే థయోసల్ఫేట్ క్లోరిన్‌ను తీసేసి అమ్మోనియాను మిగులుస్తుంది, దాన్నీ కట్టడి చేసే నీటి కండిషనర్ వాడాలి.

తర్వాత ఉప్పు. నీటిలో కాస్త ఉప్పు చేరితే లోపలికీ బయటికీ మధ్య తేడా తగ్గి, గండి దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. లీటరుకు 2 గ్రాములు చాలు, 3 దాటవద్దు. 180 సెం.మీ. పొడవు, 75 వెడల్పు, 45 ఎత్తు నీరుంటే 607 లీటర్లు, 600 అనుకుందాం. అంటే మొత్తం 1,200 గ్రాముల కల్లుప్పు. ఒక్కసారే కుమ్మరించకూడదు. 12 గంటలకోసారి 300 గ్రాములు వేరే బకెట్‌లో కరిగించి, ఫిల్టర్ నుంచి నీరు పడేచోట నెమ్మదిగా పోయాలి. ఉప్పు రవ్వ ఇసుకలో పడితే రే వెళ్ళి దాని మీదే పడుకుంటుంది, అక్కడ కొత్త పుండు. ఇంకో తప్పు ఎక్కువమంది చేసేది: ఆవిరైన నీటికి బదులు పోసేటప్పుడు కూడా ఉప్పు కలపడం. ఉప్పు ఆవిరి కాదు. తీసి పారబోసిన నీటికి మాత్రమే లెక్క కట్టి కలపాలి, 150 లీటర్లు మారిస్తే 300 గ్రాములు.

చాలా పైపై గాయాలు ఇంతటితోనే మానతాయి. గాయం అంచులు ఎర్రబారి పాకుతుంటే బ్యాక్టీరియా, దూదిలా తెల్లగా లేస్తే బూజు. అప్పుడు గాయం మీదే పూత వేయాలి. దీనికి ఇద్దరు కావాలి. వల వాడకూడదు, తోక ముల్లుకున్న వెనక్కి తిరిగిన రంపపు పళ్ళు వలలో చిక్కుకుంటాయి, తెంపబోతే తోకే చీలుతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిని నీటిలో ముంచి, రేని మెల్లగా అందులోకి నడిపించి, నీటితో సహా ఎత్తాలి. పొడవునా చీల్చిన మెత్తని గొట్టం ముక్కను ముల్లు చుట్టూ తొడిగితే పట్టుకునేవారికి ధైర్యం. గాయం ఉన్న భాగాన్ని మాత్రం నీటి పైకి లేపి, తడి గాజుగుడ్డతో అద్ది, 10 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలిపి దూదితో రాయాలి. అర నిమిషం ఆగి కడిగి, 1 శాతం సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ పలచగా పూయాలి. మొత్తం నిమిషంలో అయిపోవాలి. కళ్ళ వెనకున్న శ్వాసరంధ్రాల్లోకి, అడుగున ఉన్న ఐదు జతల మొప్ప చీలికల్లోకి మందు జారకూడదు. అయోడిన్‌లో 'స్క్రబ్' రకం వద్దు, అందులో సబ్బు ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కణాలను చంపుతుంది. పసుపు అద్దడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటే గానీ, నీటిలో ఆ పొడి కరగదు, పుండులో ఇరుక్కుంటుంది.

చేపల చెరువుల మందులు ఇంకా ప్రమాదం. బొచ్చె, రోహు మీద చేప పేనుకు వాడే పురుగుమందులు, మైలతుత్తం (రాగి లవణం), ఫార్మలిన్ వంటివి చెరువు చేప తట్టుకున్నంత మాత్రాన రే తట్టుకోదు. ఈ జాతి చేపలకు రాగి, ఆర్గానోఫాస్ఫేట్లు (ఒక రకం పురుగుమందులు) చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. లోతైన పుండుకు పశువైద్యుని చేత ఇంజెక్షనే మేలు. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ సొర, రే చేపలకు కిలో బరువుకు 20 నుంచి 30 మి.గ్రా. చొప్పున 72 గంటలకోసారి ఇవ్వడం వాడుకలో ఉంది, మోతాదు తేల్చాల్సింది మాత్రం వైద్యుడే. నీటిలో కలిపే మందైతే ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ తీసేయాలి, లేకపోతే మందంతా అదే మింగుతుంది. ఆ మందు ఫిల్టర్‌లోని మేలు చేసే బ్యాక్టీరియానూ చంపవచ్చు గనక రోజూ అమ్మోనియా చూడక తప్పదు.

కోలుకుంటోందా లేదా అన్నది గాయం కన్నా ముందు తిండి చెబుతుంది. వానపాము ముక్క, ఒలిచిన రొయ్య వాసనకు లేచి వస్తే భయం లేదు. తోక మొదట్లో తుంటి భాగం పొడుచుకొస్తే ఆకలితో ఒళ్ళు కరుగుతోందని అర్థం. పళ్ళెం అంచు పైకి ముడుచుకుంటే నీరు వెంటనే పరీక్షించాలి, అది చివరి హెచ్చరికల్లో ఒకటి.

మీకే ముల్లు గుచ్చుకుంటే రక్తం కారనిచ్చి కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచండి. వేడి తెలుసుకోవడానికి బాగున్న చేయి వాడండి, నొప్పిగా ఉన్న చేతికి వేడి తెలియదు. ఆపైన ఆసుపత్రికి వెళ్ళాల్సిందే: టెటనస్ టీకా ఉంది, లోపల ముల్లు ముక్క మిగిలిందేమో చూడాలి, నది రేల విషానికి కండను చంపే గుణం కూడా ఉంది.

ఒక్కోసారి తోక మీద రెండు ముళ్ళు కనబడతాయి. అది దెబ్బ కాదు. పాతదాని పక్కన కొత్తది మొలుస్తోంది, కొన్నాళ్ళకు పాతది దానంతట అదే ఊడుతుంది. దాన్ని లాగబోకండి. రాలిన ముల్లు ఇసుకలో ఉండిపోయినా గుచ్చుకునే తీరులో తేడా ఉండదు, పట్టకారుతో తీసి పారేయండి.