రేడియేషన్, కీమో కలిపి నడుస్తున్నప్పుడు మధ్యలో ఆపొద్దు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"డాక్టర్ గారూ, నాన్నకి ఓ పది రోజులు ఆపుదాం. ఒంట్లో కాస్త బలం వచ్చాక మళ్లీ పెట్టిద్దాం."

నాలుగో వారానికల్లా దాదాపు ప్రతి కుటుంబమూ ఇదే అడుగుతుంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. నోరంతా పుండ్లై గుక్కెడు నీళ్లు మింగలేని మనిషిని రాత్రంతా చూసేది వాళ్లే. కోపమల్లా "కొన్నాళ్లు ఆపితే ఏం కాదు" అని చెప్పి పంపేవాళ్ల మీద.

అవుతుంది. ఆ పది రోజుల్లో కోలుకునేది ఒళ్లొక్కటే కాదు, క్యాన్సర్ కణాలు కూడా. తల, మెడ క్యాన్సర్లలో మూడు నాలుగు వారాలు గడిచాక, చావకుండా మిగిలిన కణాలు ఇంకా వేగంగా పెరుగుతాయి. ఒక్కో రోజు ఆలస్యానికి గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుంది. 35 సిట్టింగులు 7 వారాల్లో అయిపోవాలని మేం పట్టుబట్టేది అందుకే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో లోపలి రేడియేషన్‌తో సహా 8 వారాలు దాటకూడదు.

గొంతు క్యాన్సర్‌తో వచ్చిన ఒక పెద్దాయన 22 సిట్టింగుల తర్వాత రావడం మానేశారు. 12 రోజులకు తిరిగొచ్చారు. రేడియేషన్ పెట్టేటప్పుడు తల కదలకుండా మొహానికి బిగించే మాస్కు వేస్తే చెంపకీ దానికీ మధ్య నా వేలు దూరింది, అంతగా చిక్కిపోయారు. మళ్లీ స్కాన్, కొత్త మాస్కు, కొత్త ప్లాన్. ఇంకో నాలుగు రోజులు పోయాయి. ఎనిమిది నెలలకు గడ్డ తిరిగొచ్చింది. గ్యాప్ వల్లేనని ఒక్కరి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ ఆహారం ఎక్కించే ముక్కు గొట్టం ఆయన వద్దన్న రోజున ఇంకో పావుగంట కూర్చుని నచ్చజెప్పాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండూ కలిపారంటే ఆఖరి స్టేజీ అనుకోకండి. చాలాసార్లు నయం చేయాలనే కలుపుతాం. రేడియేషన్ దెబ్బను కణం సరిచేసుకోకుండా సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు అడ్డుపడుతుంది. తల, మెడ క్యాన్సర్లలో ఇలా కలిపితే ఐదేళ్ల తర్వాత నూటికి అదనంగా ఆరేడుగురు బతికుంటున్నారు. 70 ఏళ్లు దాటితే ఆ లాభం బాగా తగ్గుతుంది, కాబట్టి అందరికీ కలపం.

బయటి నుంచి రేడియేషన్ తీసుకున్నవాళ్లు పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. రేడియేషన్ వల్ల జుట్టు ఊడేది అది పడిన చోటే.

ముప్పు లేదని మాత్రం అనను. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద, చెవుల మీద పడుతుంది. చెవిలో హోరు మొదలైతే వెంటనే చెప్పండి. 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. రక్తకణాల కౌంట్ పడిపోతే ఆ వారం కీమో ఆపుతాం, రేడియేషన్ మాత్రం వీలైనంతవరకు నడుపుతాం. ఒక సిట్టింగు పోయినా శనివారం పెట్టో, ఒకే రోజు కనీసం ఆరు గంటల ఎడంతో రెండు పెట్టో పూడ్చే వీలుంటుంది. అడగండి.