షాగ్ హార్బర్ 1967: విమానం కూలిందనుకుని పడవలు తీసిన జాలర్లు

కెనడా తూర్పు కొసన నోవా స్కోషియా ఉంది. దాని దక్షిణపు అంచున, షెల్బర్న్ కౌంటీలో షాగ్ హార్బర్ అనే చిన్న పల్లె. అక్కడివాళ్ల బతుకంతా సముద్రం మీదే. 1967 అక్టోబర్ 4 రాత్రి ఆ పల్లె ముందున్న నీళ్లలో ఏదో పడింది. అదేమిటో ఇంతవరకూ తేలలేదు.

ఎగిరే పళ్లేల కథలు లోకంలో వేలకొద్దీ ఉన్నాయి. ఇది మాత్రం ఎగిరే పళ్లెం కథగా మొదలవలేదు, విమాన ప్రమాదంగా మొదలైంది. చూసినవాళ్లు పోలీసులకు చెప్పింది అదే. జాలర్లు అర్ధరాత్రి పడవలు తీసిందీ అందుకే. ఈ కేసుకు ఉన్న విలువంతా ఆ ఆరంభంలోనే ఉందని నా నమ్మకం.

ఆ రాత్రి అమావాస్య వెళ్లి ఒక్క రోజే అయింది. చందమామ లేదు, ఆకాశం తేటగా ఉంది. రాత్రి సుమారు 11:20కి తీరం వెంట వేర్వేరు చోట్ల ఉన్నవాళ్లకు వరసగా వెలుగుతూ ఆరుతున్న దీపాలు కనిపించాయి. కారులో వెళ్తున్న కొందరు కుర్రాళ్లు నాలుగు దీపాలు చూశారు. అవి ఏటవాలుగా నీటివైపు దిగాయి. ఈల వేసినట్టు ఒక శబ్దం, ఆ వెంటనే పెద్ద చప్పుడు వచ్చాయని కొందరు చెప్పారు. బారింగ్టన్ పాసేజ్‌లోని పోలీస్ స్టేషన్‌కు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు. విమానం కూలిపోయింది, త్వరగా రండి అని.

ముగ్గురు పోలీసులు ఒడ్డుకు చేరుకున్నారు. అప్పటికే అక్కడ జనం పోగయ్యారు. నీటి మీద ఒక వెలుగు తేలుతూ, పోటుపాట్లతో మెల్లగా కదులుతూ కనిపించింది. వాళ్లు చూస్తుండగానే అది ఆరిపోయింది. పడిందనడానికి సాక్షులు పల్లెవాళ్లు. పడ్డాక నీటి మీద వెలుగు ఉందనడానికి సాక్షులు పోలీసులు కూడా. ఇలాంటి కేసుల్లో ఇది చాలా అరుదు.

ఇక పడవల సంగతి. కెనడా కోస్ట్ గార్డ్ పడవ పక్కనున్న క్లార్క్స్ హార్బర్ నుంచి రావాలి, దానికి టైం పడుతుంది. పోలీసులు ఊళ్లోని జాలర్లను అడిగారు. వాళ్లు నిద్రలోంచి లేచి వచ్చి వేట పడవలు స్టార్ట్ చేశారు. ఆ తీరంలో పుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. 1860 ఫిబ్రవరిలో హంగేరియన్ అనే ప్రయాణికుల ఓడ ఆ దగ్గర్లోనే, కేప్ సేబుల్ రాళ్ల మీద ముక్కలైపోయింది. అందులో ఉన్న 205 మందిలో ఒక్కరూ బతకలేదు. ఆ తర్వాతే, 1861లో, కేప్ సేబుల్‌లో దీపస్తంభం కట్టారు. పొగమంచు, రాళ్లు, వేగంగా లాగే పోటుపాట్లు అక్కడి జాలరి కుటుంబాలకు తరతరాలుగా తెలుసు. నీళ్లలో మనుషులు ఉన్నారంటే ఎవరూ ఆలోచిస్తూ కూర్చోరు.

వెలుగు కనిపించిన చోటికి పడవలు వెళ్లాయి. మనుషులు లేరు. శవాలు లేవు, సీట్లు, రెక్కల ముక్కలు, ఆయిల్ తెట్టు, ఏమీ లేవు. కనిపించింది నురగ ఒక్కటే. చిక్కగా, పసుపుపచ్చగా, నీటి మీద పెద్ద పట్టీలా పరుచుకుని ఉంది. పడవలు దాని మధ్యలోంచి వెళ్లాయి. సముద్రపు నురగ ఎలా ఉంటుందో జాలర్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, రోజూ చూసేదే. ఇలాంటిది మాత్రం మేమెప్పుడూ చూడలేదని వాళ్లన్నారు. నీటిలోని నాచు, సూక్ష్మజీవుల వల్ల కూడా రంగు నురగ వస్తుంది కాబట్టి దీన్ని పెద్ద రుజువుగా నేను చెప్పను. అయితే దాన్ని సీసాలో పట్టి పరీక్షకు పంపి ఉంటే ఈ చర్చలో సగం అప్పుడే తెగిపోయేది. మునిగిపోతున్నవాళ్ల కోసం వెతికే మనిషికి నురగ పట్టుకోవాలన్న ఆలోచన ఎందుకు వస్తుంది?

ఈలోగా హాలిఫాక్స్‌లోని రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్ ఆరా తీసింది. తూర్పు తీరంలో ఒక్క విమానమూ తప్పిపోలేదని తేలింది, ప్రయాణికులదీ లేదు, సైన్యానిదీ లేదు. మర్నాడు ఒట్టావాలోని రక్షణ శాఖకు చేరిన సందేశంలో ఉన్న సారాంశం ఇది: సుమారు 60 అడుగులకు మించిన పొడవున్న నల్లటి వస్తువు, నాలుగు తెల్ల దీపాలతో వేగంగా దిగి నీటిని తాకింది, కాసేపు ఒక్క తెల్ల దీపం పైన కనిపించింది, విమానం, ఫ్లేర్లు (సంకేతం కోసం వదిలే మండే దీపాలు), తేలే గుర్తులు లేదా తెలిసిన మరే వస్తువైనా కారణం కాదని ప్రాథమిక విచారణలో తేలింది. ఒక ప్రభుత్వ సందేశంలో ఇంత సూటిగా ఈ మాట ఉండటం వల్లే షాగ్ హార్బర్ పేరు నిలిచిపోయింది.

ఆ తర్వాత నౌకాదళం డైవర్లను దింపింది. హెచ్‌ఎంసీఎస్ గ్రాన్బీ అనే నౌక నుంచి వచ్చిన డైవర్లు కొన్ని రోజులపాటు అడుగున వెతికారు. ఏమీ దొరకలేదని రిపోర్టు ఇచ్చి వెళ్లిపోయారు.

ఆ ఏడాది కెనడాలో గాలి ఎటు వీస్తోందో కూడా చెప్పుకోవాలి. 1967 ఆ దేశానికి వందేళ్ల పండగ. అల్బర్టాలోని సెయింట్ పాల్ అనే ఊళ్లో ఎగిరే పళ్లేలు దిగడానికని ఒక వేదికే కట్టి ప్రారంభించారు. మే నెలలో మానిటోబాలోని ఫాల్కన్ లేక్ దగ్గర ఒక వ్యక్తి తనకు వింత యంత్రం కనిపించిందని, దాని వేడికి ఒళ్లు కాలిందని చెప్పడం దేశమంతా వార్త అయింది. ప్రభుత్వం అంతకుముందే, 1950లో, ప్రాజెక్ట్ మాగ్నెట్ పేరుతో ఈ విషయంపై ఒక చిన్న అధ్యయనం నడిపి 1954లో ఆపేసింది. 1967 నాటికి ఫిర్యాదులు రక్షణ శాఖకు వెళ్లేవి. ఆ శాఖకు దాని మీద ఆసక్తి తగ్గడంతో కొద్ది కాలానికే ఆ పని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌కు అప్పగించారు. షాగ్ హార్బర్ ఫైలు సరిగ్గా ఈ చేతుల మార్పిడి సమయంలో పుట్టింది.

పొరుగున అమెరికాలో అప్పుడే కొలరాడో విశ్వవిద్యాలయం బృందం వాయుసేన డబ్బుతో ఇలాంటి కేసులు పరిశీలిస్తోంది. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్ దానికి అధిపతి. వాళ్ల నివేదికలో షాగ్ హార్బర్ 34వ కేసు. బృందంలో ఎవరూ ఆ పల్లెకు వెళ్లలేదు. పోలీసులు, నౌకాదళం వెంటనే గట్టిగా వెతికారు కాబట్టి మళ్లీ విచారణ అవసరం లేదని రాసి వదిలేశారు. దీన్ని నేను ఒప్పుకోలేను. వెతికితే ఏమీ దొరకలేదు అన్నది ఒక ఫలితం. ఎందుకు దొరకలేదు అన్నది ఇంకో ప్రశ్న. సాక్షులు అప్పుడు అందరూ అక్కడే ఉన్నారు, జ్ఞాపకాలు తాజాగా ఉన్నాయి. ఒక్కొక్కరు ఎక్కడ నిలబడి, ఏ దిక్కుకు చూశారో మ్యాపు మీద గీసి ఉంటే దూరం లెక్క తేలేది. చీకట్లో, నీటి మీద, పక్కన పోల్చుకోవడానికి ఇల్లో చెట్టో లేనప్పుడు దూరం తెలియకుండా సైజు చెప్పడం ఎవరి వల్లా కాదు. 60 అడుగులన్న అంకె నిలబడేదీ పడిపోయేదీ ఆ దూరం మీదే.

ఆ నివేదిక 1969 జనవరిలో బయటికొచ్చింది. అదే ఏడాది చివర్లో అమెరికా వాయుసేన ఎగిరే పళ్లేల ఫిర్యాదులు పరిశీలించే తన బ్లూ బుక్ ప్రాజెక్టును మూసేసింది. 12,618 కేసుల్లో 701 తేలకుండానే మిగిలాయి. షాగ్ హార్బర్ కెనడాది కాబట్టి ఆ లెక్కలోకీ రాదు. ఆ తర్వాత పాతికేళ్లు దాని గురించి ఊరి బయట పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

1990ల్లో క్రిస్ స్టైల్స్ అనే పరిశోధకుడు పాత ఫైళ్లు తవ్వడం మొదలుపెట్టాడు. డాన్ లెడ్జర్ ఆయనకు తోడయ్యాడు. మూలన పడి ఉన్న పోలీసు, సైనిక పత్రాలను జనం ముందుకు తెచ్చిన ఘనత వాళ్లదే, ఆ మేలు మరవకూడదు. అయితే కథకు రెండో అంతస్తు లేచింది కూడా అప్పుడే. ఆ వస్తువు నీటి అడుగునే కదిలి షెల్బర్న్ దగ్గర ఆగిందని, దానికి సాయంగా ఇంకొకటి వచ్చిందని, నౌకాదళం పైనుంచి కాపు కాసిందని చెప్పారు. దీనికి ఆధారం పేరు చెప్పని మాజీ సైనికుల మాటలు. 1967 నాటి పత్రాల్లో ఇది లేదు.

ఇది జనానికి నమ్మబుద్ధి కావడానికి ఒక కారణం ఉంది. షెల్బర్న్‌లో నిజంగానే ఒక రహస్యం ఉండేది. 1955 నుంచి 1994 వరకు అక్కడ పనిచేసిన నౌకాదళ కేంద్రాన్ని సముద్ర పరిశోధన కేంద్రమని చెప్పేవారు. అసలు పని అట్లాంటిక్ అడుగున పరిచిన మైకుల ద్వారా సోవియట్ జలాంతర్గాముల చప్పుడు వినడం. బారింగ్టన్ దగ్గర రాడార్ స్టేషన్ కూడా ఉండేది. ఒకసారి ప్రభుత్వం ఒక విషయం దాచిందని తెలిశాక, ఇంకేం దాచారో అన్న అనుమానం రావడం సహజం. కానీ రహస్య కేంద్రం ఉందన్నది ఒక నిజం, వింత వాహనం అక్కడికి వెళ్లిందన్నది వేరే ప్రకటన. మొదటిదాని బలాన్ని రెండోదానికి అరువు ఇవ్వకూడదు. ఆ రాత్రి జాలర్లు చెప్పిన మాటకు ఈ కలగలుపు వల్లే ఎక్కువ నష్టం జరిగింది.

ఏమై ఉండొచ్చు? ఉల్క అయితే ఆకాశంలో వెలుగుకు, చప్పుడుకు లెక్క సరిపోతుంది, నీటి మీద నిమిషాల తరబడి తేలిన దీపానికి సరిపోదు. సైన్యం వాడే తేలే ఫ్లేర్ అయితే ఆ దీపానికి బాగా సరిపోతుంది. మరి దాన్ని ఎవరు వేశారో చెప్పే కాగితం కనిపించదు, పైగా హాలిఫాక్స్ కేంద్రం దాన్ని అప్పుడే కొట్టేసింది. రాకెట్ శకలమైతే ముక్క దొరకాలి. మన శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ మూడో దశ భాగం 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు మొదట్లో ఎన్ని ఊహలు నడిచాయో గుర్తుండే ఉంటుంది. వస్తువు కళ్లముందు ఉంది కాబట్టి కొద్ది వారాల్లోనే అది ఏమిటో ఆ దేశపు అంతరిక్ష సంస్థ తేల్చేసింది. షాగ్ హార్బర్‌లో చేతికి చిక్కింది ఏదీ లేదు.

ఊరు మాత్రం ఆ రాత్రిని మరవలేదు. అక్కడ మ్యూజియం ఉంది, ఉత్సవం జరుపుతారు. 2019లో కెనడా టంకశాల ఈ ఘటన మీద 20 డాలర్ల వెండి నాణెం కూడా వేసింది.

కెనడా ప్రభుత్వ ముఖ్య శాస్త్ర సలహాదారు కార్యాలయం 2022లో స్కై కెనడా పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టి, దేశంలో ఇలాంటి ఫిర్యాదులు ఎవరు తీసుకుంటున్నారు, ఏం చేస్తున్నారు అని చూసింది. 2025లో వచ్చిన నివేదిక, వీటన్నిటినీ ఒకేచోట తీసుకుని విశ్లేషించే ప్రభుత్వ వ్యవస్థ ఉండాలని సూచించింది. 1967లో అలాంటిదేమీ లేదు. పల్లెవాళ్లు ఫోన్ చేసింది విమానం కూలిందని కాబట్టే పోలీసులు కదిలారు, రెస్క్యూ సెంటర్ కదిలింది, డైవర్లు దిగారు. ఆకాశంలో వింత దీపాలు కనిపించాయని మాత్రమే చెప్పి ఉంటే ఆ ఫైలే ఉండేది కాదు.