వంతు నీళ్ళు

చిట్టికీ, బాబీకీ తాతయ్య ప్రేమతో రాసేది. మీరంతా ప్రభువు కృపలో క్షేమమని తలుస్తాను.

బాబీ రెండు రోజులుగా ఒకటే ప్రశ్న పట్టుకుని వేధిస్తున్నాడని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "సమయాన్ని దేవుని చిత్తప్రకారం వాడుకోవాలని సండే స్కూల్లో చెప్పారు. మరి నేను సాయంత్రం క్రికెట్ ఆడితే అది దేవుని చిత్తమా, కాదా?" అనట. అమ్మకు జవాబు తోచక తాతయ్యను అడగమందట. మన ఇంట్లో ఎవరికీ తోచని ప్రశ్నలన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి. పెన్షన్ తీసుకునేవాడికి ఇంకేం పని అనుకుంటారు కాబోలు. వెనక నుంచి చిట్టి కూడా ఇంకోటి అందించిందట: "ఎంపీసీయా బైపీసీయా, అది కూడా దేవుడే చెప్తాడేమో అడుగమ్మా!"

వేదాంతం నాకు పెద్దగా రాదురా. నాకు బాగా తెలిసింది కాలువ నీళ్ళు. ఈ వారమే మా కాలువకు నీళ్ళు వదిలారు, వీధిలో అందరి నోటా అదే మాట. కాబట్టి నేనూ నీళ్ళతోనే చెప్తాను. కాస్త సాగదీసినా ఓర్చుకోండి.

మా చిన్నప్పుడు సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీళ్ళ బెంగ ఉండేది కాదు. వానలు పడేవి, గోదావరి ఎర్రగా పొంగేది, కాలువలు గట్లు ఒరుసుకుంటూ పారేవి. చిక్కంతా దాళ్వాకే, అంటే రెండో పంటకే. సంక్రాంతి దాటాక గోదావరి సన్నబడిపోతుంది. ఉన్న నీళ్ళు అందరికీ ఒకేసారి చాలవు కనుక వంతులు పెడతారు. ఈ కాలువకి ఇన్ని రోజులు, ఆ కాలువకి ఇన్ని రోజులు. పొలాల్లోకి వెళ్ళే చిన్న కాలువ, అదే బోదె, దాని కింద మళ్ళీ ఒక్కో రైతుకి ఇంత సేపు. వంతు అర్ధరాత్రి వచ్చినా లేవాల్సిందే. నిద్రొస్తోంది, పొద్దున చూసుకుందాం అంటే, పొద్దునకి ఆ నీళ్ళు ఇంకొకరి చేలో ఉంటాయి.

మా నాన్న ఎకరంన్నర కౌలుకి చేసేవాడు. రాత్రి వంతు వస్తే లాంతరు పట్టుకోవడానికి నన్ను లేపేవాడు. కళ్ళు నులుముకుంటూ వెనకాల నడిచేవాణ్ణి. పొలం గట్టు మీద తువ్వాలు పరిచి ఒక్క నిమిషం మోకరించి, లేచి పారతో మడవ, అంటే చేలోకి నీళ్ళు వచ్చే గండి, తీసేవాడు. నీళ్ళు గలగలమని చేలోకి దూకేవి. నేనిక పడుకోవచ్చని గోనెసంచి పరుచుకోబోతే, "అప్పుడే ఏమైందిరా, గట్టు చూడొద్దూ" అనేవాడు.

గట్టు చూడడమంటే చెప్పులు విడిచి చేను చుట్టూ నడవడం. కాలికి మెత్తగా తగిలిన చోట ఆగి, లాంతరు కిందికి దించమనేవాడు. పైనుంచి చూస్తే ఏమీ ఉండదు, గడ్డి మొలిచి గట్టు చక్కగానే కనిపిస్తుంది. లోపలివైపు నీళ్ళలో మాత్రం రూపాయి బిళ్ళంత సుడి తిరుగుతూ ఉంటుంది. గడ్డిపరక వేస్తే గిర్రున తిరిగి లోపలికి పోతుంది. అదీ ఎండ్రకాయ బొక్క! గట్టుకి అవతల మురుగు బోదెలో బుడబుడమని నీళ్ళు పడుతుంటాయి. అలాంటివి రెండు మూడు ఉన్నాయంటే రాత్రంతా మడవ తెరుచుకుని కూర్చున్నా తెల్లారేసరికి చేలో పాదం మునగదు. నాన్న మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఎండ్రకాయ దొరికితే లాగి అవతల పారేసి, గడ్డీ బంకమట్టీ కలిపి కుక్కి మడమతో తొక్కేవాడు. దొరికిన ఎండ్రకాయల్ని ఒక్కోసారి మా అమ్మకి తీసుకెళ్ళేవాళ్ళం. ఆ పులుసు రుచి ఇప్పుడు రాస్తుంటే నోరూరుతోంది. సరే, పులుసు సంగతి వదిలేద్దాం.

మనకిచ్చే ఒక్కో రోజు ఇలాంటి వంతే. ఆ నీళ్ళు మనం పుట్టించినవి కావు, పైనుంచి వదిలితే వచ్చాయి. మీ ఇళ్ళల్లో ఎండ్రకాయ బొక్క ఎక్కడుందో నేను చెప్పక్కర్లేదు. "ఐదు నిమిషాలు" అని ఫోన్ తీసి, రీల్స్ మీద రీల్స్ జరిపి, తలెత్తేసరికి గంట అయిపోతుంది. ఏం చూశావంటే ఒక్కటీ గుర్తుండదు. పెద్దవాళ్ళ బొక్కలు వేరు. టీవీలో చర్చలు, పక్కింటి పెళ్ళిలో ఎంత ఖర్చు పెట్టారన్న లెక్కలు. గట్టు మాత్రం బయటికి చక్కగానే ఉంటుంది, వాళ్ళదైనా మీదైనా.

ఇక క్రికెట్. బాబీ, వరి చేలో ఎప్పుడూ నీళ్ళు నిలిపే ఉంచుతారనుకుంటున్నావా? పిలకలు వేసే రోజుల్లో మధ్యలో నీళ్ళు తీసేసి చేను ఆరబెడతారు, నేల సన్నగా నెర్రె విచ్చేదాకా. వేళ్ళకి గాలి తగిలి మొక్క గట్టిపడుతుంది. చూసేవాడికి అది పాడుబెట్టినట్టే ఉంటుంది, రైతుకి అది కూడా సాగే. దేవుడు ఏడో రోజున విశ్రమించాడు. యేసుప్రభువు పడవలో తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోయాడని మార్కు రాశాడు, ఆ తలగడ సంగతి కూడా వదలకుండా. కాబట్టి ఆడుకో. మైదానానికి వెళ్ళి, ఆడి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చావంటే అది చేను ఆరబెట్టడం. ఆ పని మనం అనుకుని చేస్తాం. బొక్కలోంచి పోయేది మనకి తెలియకుండానే పోతుంది. హోంవర్క్ ఎగ్గొట్టడానికి ఆడితే మాత్రం అది ఏ లెక్కలోకి వస్తుందో నీకే తెలుసు.

నాన్న సంగతి ఇంకొకటి చెప్పాలి. మా చేను నిండగానే ఆయన మడవ కట్టేసేవాడు. "మన వంతు ఇంకా ఉంది కదా నాన్నా" అంటే, "మనకి చాలు. శివారు వాళ్ళు చూస్తుంటారు" అనేవాడు. కాలువ చివర ఉన్న పొలాలకి నీళ్ళు ఎప్పుడూ ఆఖరికే, అదీ మిగిలితేనే. మన రోజుకి కూడా శివారు ఉంటుంది. మందు సీసా మీద అక్షరాలు కనపడని నానమ్మ, లెక్కలు అర్థంకాక ఏడుపు మొహంతో ఉన్న పక్క బెంచీవాడు. యేసు చెప్పిన కథలో, యెరికో దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని దాటిపోయిన యాజకుడికీ లేవీయుడికీ ఏదో టైమ్‌టేబుల్ ఉండే ఉంటుంది. ఆగి సాయం చేసిన సమరయుడు కూడా ప్రయాణంలోనే ఉన్నాడు, వాడికీ ఆలస్యమే అయింది. టైమ్ మేనేజ్‌మెంట్ అని ఈ రోజుల్లో పెద్ద పెద్ద క్లాసులు చెప్తున్నారు గానీ, శివారు సంగతి ఎత్తేవాళ్ళు నాకు తక్కువగా కనిపిస్తున్నారు.

చిట్టీ, నీ ప్రశ్న కష్టమైనది. కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెడితే ఎంపీసీ అనో బైపీసీ అనో రాదమ్మా. అలా వేలు పెట్టేవాళ్ళను చూశాను, వంశావళి వచ్చినప్పుడు మళ్ళీ తెరుస్తారు. పౌలు ఎఫెసీయులకు రాసిన ఐదో అధ్యాయంలో సమయాన్ని పోనివ్వక సద్వినియోగం చేసుకోమని చెప్పి, ఆ వెంటనే ప్రభువు చిత్తమేమిటో గ్రహించమన్నాడు. రెండూ పక్కపక్క వచనాలే. అదే పౌలు థెస్సలొనీకయులకు దేవుని చిత్తం ఏమిటో విప్పే చెప్పాడు: ఎల్లప్పుడూ సంతోషంగా ఉండండి, ఎడతెగక ప్రార్థన చేయండి, ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించండి. ఇది ఏ గ్రూపులో చేరినా చేయవచ్చు. గోదావరి నీళ్ళు కాలువలకి వదిలే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఏ గేటు ఎంత ఎత్తారో మా నాన్నకి ఎన్నడూ తెలియలేదు. ఈ రాత్రి తన వంతని తెలుసు, లేచేవాడు.

ధవళేశ్వరం అంటే గుర్తొచ్చింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గట్టి విశ్వాసి. ఆకాశం నుంచి ఆయనకి స్వరం వినిపించిందని నేనెక్కడా చదవలేదు. ఆయన నీళ్ళ పని తెలిసిన ఇంజనీరు. ఇక్కడ చూస్తే 1832-33 నాటి నందన కరువు మిగిల్చిన గోదావరి సీమ, పక్కనే నిండుగా సముద్రంలోకి పోయే నది. తనకు వచ్చిన పనీ, జనానికి కావలసిన పనీ ఒకచోట కలిశాయి. 1847లో మొదలుపెడితే 1852కి ఆనకట్ట లేచింది. వరద రోజుల్లో నదిలో దిగలేరు కాబట్టి నీరు తగ్గిన నెలల్లోనే తొందరపడేవారు. మధ్యలో ఆయనకి జబ్బు చేసి సెలవు మీద వెళ్ళాల్సి వచ్చింది, అయినా పని ఆగలేదు. ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్నగారి వంటివాళ్ళూ, పేర్లు రాయని వేలమంది కూలీలూ ఉన్నారు. నువ్వు కూడా నీకేది బాగా వస్తుందో చూసుకో, మీ టీచర్ని అడుగు, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడు, ప్రార్థన చేసుకో, తర్వాత ధైర్యంగా ఒకటి ఎంచుకో. ఒక గ్రూపులో చేరితే దేవుడు వెంట వస్తాడు, ఇంకోదాంట్లో చేరితే గేటు దగ్గరే ఆగిపోతాడు అని టెన్షన్ పడకు.

ఒక చోట మాత్రం నా నీళ్ళ పోలిక పనికిరాదు. పోయిన వంతు పోయినట్టే, నీళ్ళు వదిలే లస్కరు కాళ్ళు పట్టుకున్నా తిరిగి రాదు. కానీ యోవేలు గ్రంథంలో దేవుడు, మిడతలు తినేసిన సంవత్సరాల పంటను మళ్ళీ ఇస్తానంటాడు. పోయిన సంవత్సరాల్ని తిరిగివ్వడం ఎలాగో నేను మీకు చెప్పలేను. ఎన్నోసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ అక్కడ ఆగిపోతాను.

ఈ శనివారం మీరిద్దరూ ఒక పని చేయండి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీ రోజు గట్టు మీద నడవండి. ఏదీ మార్చొద్దు, ఏ బొక్కా అప్పుడే పూడ్చొద్దు, ఊరికే చూడండి. రాత్రి ఒక కాగితం మీద రాసుకోండి. ఒకరి కాగితం ఒకరు చూడొద్దు, ముఖ్యంగా బాబీ.

మీ తాతయ్య