ఊయలలాంటి ఓడ

పిల్లలూ,

"తాతయ్యా, ఉద్యోగం అయిపోయాక ఇల్లు అమ్మేసి ఓడలోనే ఉండిపోయేవాళ్ళు ఉన్నారట. వాళ్ళకు ఉత్తరం రాయాలంటే ఏ చిరునామాకు రాయాలి?" అని మీలో చిన్నది అడిగింది. రెండు రోజులుగా ఆ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది.

చిరునామా సంగతి ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టుకూ, పన్నులకూ, బ్యాంకుకూ నేల మీద ఒక చిరునామా కావాలి కాబట్టి చాలామంది కూతురి ఇంటిదో తమ్ముడి ఇంటిదో ఇస్తారు. ఉత్తరం అక్కడికి చేరుతుంది. వాళ్ళు మాత్రం అక్కడ ఉండరు.

ఇక ఓడ. పసిబిడ్డ ఊయల మీకు తెలుసు కదా, ఓడను అలా ఊహించుకోండి. బిడ్డ వంట చేయదు, బట్టలు ఉతకదు, పక్క సర్దుకోదు. అన్నీ ఎవరో చేసిపెడతారు. ఓడలోనూ అంతే. ఊయల మరీ ఊగిపోకుండా అమ్మ ఒక చేత్తో పట్టుకుంటుంది చూడండి, పెద్ద ఓడలకూ అలాంటి చేతులున్నాయి. నీటి కింద, ఓడకు రెండు పక్కలా, చేప రెక్కల్లాంటివి ఉంటాయి. అల వచ్చి ఓడ ఒక పక్కకు ఒరగబోతే అవి వెంటనే వాలు మార్చుకుని ఒరుగును తగ్గిస్తాయి. బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే చూడటానికి డాక్టరు, చిన్న ఆసుపత్రి ఓడలోనే ఉంటాయి. పెద్ద జబ్బు చేస్తే మాత్రం ఊయలలో వైద్యం కుదరదు, ఒడ్డుకు చేర్చాల్సిందే.

ఊయలను అప్పుడప్పుడూ విప్పి ఉతకాలి. ఆ పూట బిడ్డను దించుతారు. ఓడ అడుగుభాగాన్ని కూడా కొన్నేళ్ళకోసారి నీళ్ళు లేని డ్రై డాక్‌లోకి ఎక్కించి గీకి, రంగు వేసి, బాగుచేస్తారు. అప్పుడు అందులో కాపురమున్నవాళ్ళు పెట్టె సర్దుకుని దిగాలి. 2024లో 'విలా వీ ఒడిస్సీ' అనే ఓడ మరమ్మతులు తెమలక ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ రేవులో నాలుగు నెలలు ఆగిపోయింది. ఉన్న ఇల్లు వదులుకుని వచ్చినవాళ్ళు అన్నాళ్ళూ ఎదురుచూశారు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడైతే ప్రపంచమంతటా విహార నౌకలు ఆగిపోయాయి. 'ది వరల్డ్' అని 2002 నుంచి తిరుగుతున్న ఓడ ఉంది, అందులో 165 ఇళ్ళున్నాయి, వాటిని కొనుక్కున్నవాళ్ళే వాటిలో ఉంటారు. సొంత ఇల్లున్న ఆ మనుషులు కూడా అప్పుడు దిగవలసి వచ్చింది.

ఇంతవరకూ ఊయల పోలిక బాగానే నడిచింది. ఒక్కచోట తెగుతుంది. ఊయలను బిడ్డ ఎంచుకోదు, వీళ్ళు ఎంచుకున్నారు.

ఇక్కడ మా నాయనమ్మ గుర్తుకొస్తోంది. ఆవిడకు నలుగురు పిల్లలు. తాతగారు పోయాక మూడేసి నెలలు ఒక్కొక్కరి ఇంట్లో ఉండేది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఆవిడ రేకుపెట్టె మోసింది నేనే. నాకప్పుడు పదేళ్ళు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మంచం అప్పటికే వేసి ఉండేది. ఒకసారి దారిలో పెట్టె దించి చెమట తుడుచుకుంటుంటే, "కిటికీ పక్కన వేస్తారంటావా?" అని నన్ను అడిగింది. ఆ మాట ఇంటికి వెళ్ళాక పెద్దవాళ్ళకు చెప్పవచ్చని నాకు తోచలేదు. ఆ సంవత్సరం కూడా మంచం గోడవారనే పడింది.

అందుకే కిటికీ ఉన్న చిన్న గది కోసం పెద్ద ఇల్లు వదులుకున్నవాళ్ళను నేను పిచ్చివాళ్ళనను. వృద్ధాశ్రమానికీ ఓడకూ అయ్యే ఖర్చు సుమారుగా ఒక్కటేనని 2004లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు లెక్కకట్టారు. అయితే డబ్బు ఒక్కటే చూసుకుని ఎవరైనా సముద్రం ఎక్కుతారని నేననుకోను. వాళ్ళ గురించి నాకున్న బెంగ వేరు. రోజూ పలకరించే ఓడ పనివాడైన కుర్రాడు ఒప్పందం కాలం తీరగానే దిగిపోతాడు. పక్క గదిలో స్నేహమైనవాళ్ళు రేవు రాగానే వెళ్ళిపోతారు. వీడ్కోలు చెప్పడం ఒక దినచర్య అయిపోతుంది. దానికి గట్టి గుండె కావాలి. మీరు మాత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఈరోజే అడగండి, మంచం ఎక్కడ వేయమంటారని.

ఇంకో వింత. ఓడ పడమటికి పోతుంటే కొన్ని రాత్రులు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజుకు ఇరవై ఐదు గంటలు! పసిఫిక్ సముద్రం నడుమ దినరేఖ అని తేదీ మారే ఊహాగీత ఉంది, అది దాటగానే ఒక తేదీ మొత్తం మాయమవుతుంది. ఆ మాయమైన రోజున ఎవరి పుట్టినరోజైనా ఉంటే ఎలా అని నేను చాలాసేపు ఆలోచించాను. ఎందుకు అలా అవుతుందో ఉత్తరంలో చెబితే చిక్కుపడుతుంది. ఒక నారింజ తీసుకుని నిలువు గీతలు గీసి, దీపం ముందు తిప్పి చూడండి.

ఎప్పుడైనా సముద్రం దగ్గరకు వెళితే, నీళ్ళ అంచున నిలబడి దూరంగా చూడండి. మీ ఎత్తుకు సముద్రం నాలుగు కిలోమీటర్ల వరకే కనిపిస్తుంది. ముప్పై మీటర్ల ఎత్తున డెక్కు మీద నిలబడ్డవారికి ఇరవై కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. వచ్చే ఓడ ఒక్కసారిగా కనబడదు. ముందు పొగగొట్టం కొస, తరువాత పై అంతస్తులు, నీళ్ళలోంచి లేచివస్తున్నట్టు ఒక్కొక్కటే పైకి వస్తాయి. చీకటి పడేదాకా ఆగండి. కిటికీలు వెలుగుతాయి.

మీ తాతయ్య