రిపోర్టులో లేని ఆయాసం

గాలిని బలంగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో అంతా సక్రమంగా ఉందని రిపోర్టు వచ్చినా, రెండో అంతస్తు మెట్లెక్కేసరికి ఎగశ్వాస ఎందుకొస్తోందని 100 కిలోల బరువున్న ఒక పాఠకుడు అడిగారు. ఊపిరితిత్తుల్లో జబ్బేమీ లేదు, బరువు తగ్గండి అని చెప్పి పంపించేశారట. ఆ సలహా తప్పు కాదు. కాని బరువుకూ ఊపిరికీ మధ్య ఏం జరుగుతోందో వివరించనప్పుడు అది మందలింపులాగానే వినిపిస్తుంది.

జవాబు మనం బలంగా ఊదే గాలిలో లేదు. మామూలుగా ఊపిరి వదిలాక, మళ్లీ పీల్చబోయే ముందు, లోపల మిగిలి ఉండే గాలిలో ఉంది. దాన్ని వైద్యులు ఎఫ్‌ఆర్‌సీ అంటారు. ఊపిరితిత్తులు ఎప్పుడూ లోపలికి ముడుచుకోవాలని చూస్తాయి, పక్కటెముకల గూడు వెలుపలికి విచ్చుకోవాలని చూస్తుంది. ఈ రెండు బలాలూ సరితూగి, ఏ కండరమూ శ్రమపడకుండానే ఛాతీ నిలిచే చోటు అది. సగటు మగవాడిలో అక్కడ సుమారు 2.4 లీటర్ల గాలి ఉంటుంది. అందులో దాదాపు సగం, కావాలనుకుంటే ఇంకా బయటికి ఊదగలిగిన గాలి. దాని పేరు ఈఆర్‌వీ. మిగిలింది ఎంత ఊదినా బయటికి రాదు. ఇంటర్ జువాలజీలో ఈ అంకెలన్నీ మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు గాని, ఆ తూకం ఎందుకు ఏర్పడుతుందో, చెడితే ఏమవుతుందో చెప్పే తరగతులు అరుదు.

పొట్టలో పేరుకున్న కొవ్వు డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న శ్వాస కండరాన్ని, కిందినుంచి పైకి నెడుతుంది, ఛాతీ మీది కొవ్వు గూడును అణుస్తుంది. దాంతో తక్కువ గాలి దగ్గరే తూకం కుదురుతుంది. 2006లో చెస్ట్ అనే వైద్యపత్రికలో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 20 ఉన్నవారితో పోలిస్తే 30 ఉన్నవారిలో ఎఫ్‌ఆర్‌సీ 75 శాతానికి, ఈఆర్‌వీ 47 శాతానికి పడిపోయాయి. ఈ పతనంలో నిటారైన భాగం బీఎంఐ 30 దాటకముందే గడిచిపోతుంది. చూడటానికి పెద్ద లావు కాని, బొజ్జ మాత్రం వచ్చిన మనవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అదే సమయంలో నిండా పీల్చి పూర్తిగా ఊదగల గాలి పెద్దగా తగ్గదు, మొదటి సెకనులో ఊదే గాలి నిష్పత్తి చెక్కుచెదరదు. మామూలు స్పైరోమెట్రీ చూసేది ముఖ్యంగా వీటినే.

తక్కువ గాలితో మొదలుపెట్టడం వల్ల నష్టమేమిటో బెలూన్ ఊదినవారికి తెలుసు. మొదటి ఊపుకు బుగ్గలు నొప్పిపుడతాయి, కొంత నిండాక అదే బెలూన్ సులువుగా సాగుతుంది. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి తిత్తులైన వాయుగోణుల సంగతీ అంతే: కొంత తెరుచుకుని ఉన్నవాటిని సాగదీయడం తేలిక, బాగా కుంచించుకుపోయినవాటిని తెరవడం కష్టం. స్థూలకాయుడి ప్రతి శ్వాసా బెలూన్ బిగువుగా ఉన్న ఆ చోటునుంచే మొదలవుతుంది. పైగా ఊపిరితిత్తుల అడుగుభాగంలోని సన్నని శ్వాసనాళికలు నిశ్వాసం ముగియకముందే మూసుకుపోవచ్చు. అటువైపు వెళ్లే రక్తం చాలినంత ఆక్సిజన్ అందుకోకుండానే తిరిగొస్తుంది. తీవ్ర స్థూలకాయులు కొందరికి కృత్రిమశ్వాస పెట్టి, వారి శ్వాస కండరాలకు పూర్తి విశ్రాంతినిచ్చి కొలిస్తే, శరీరం వాడే ఆక్సిజన్ 16 శాతం తగ్గింది. కదలకుండా పడుకున్నప్పుడే ఊపిరి తీయడానికి అంత ఖర్చవుతోందన్నమాట. సన్నగా ఉన్నవారిలో ఆ ఖర్చు లెక్కలోకి రానంత స్వల్పం.

ఇక నడక. సన్నని మనిషి నడక వేగం పెంచగానే పొట్ట కండరాలు బిగిసి ఈఆర్‌వీలో కొంత గాలిని బయటికి తోస్తాయి. డయాఫ్రమ్ పైకి సాగి, తర్వాతి ఊపిరికి మంచి పట్టు దొరుకుతుంది. వాడుకోవడానికి ఆ నిల్వే లేనివారు ఎంత ఎక్కువ గాలి కావాలన్నా ఛాతీని ఇంకా ఉబ్బించి లోపలికి లాగాలి, లేదా చిన్న చిన్న శ్వాసలు వేగంగా తీసుకోవాలి. ఎగశ్వాస అంటే ఇదే.

నడక శక్తిని కొలవడానికి ఆస్పత్రుల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు. 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ నడిపించి ఎంత దూరం వెళ్లారో చూస్తారు. 1998లో అమెరికాలో రూపొందిన ఎన్‌రైట్ సూత్రం ప్రకారం 50 ఏళ్లు, 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మగవాడు 566 మీటర్లు నడవాలి. అదే మనిషి 100 కిలోలుంటే 513 మీటర్లు. దూరాన్నే చూస్తే రెండోవారు వెనకబడినట్టు. దూరాన్ని బరువుతో గుణించి చూడండి: మొదటివారిది 39,620, రెండోవారిది 51,300. అంటే తక్కువ దూరం నడిచినవారే దాదాపు 30 శాతం ఎక్కువ పని చేశారు. మోకాళ్ల నొప్పి, తొడల ఒరిపిడి, గుండె మీద భారం కూడా నడకను తగ్గిస్తాయి గాని, ఈ గుణకారం చేయకుండా మనిషిని బద్ధకస్తుడనడం అన్యాయం.

ప్రాణాయామంతో ఊపిరితిత్తులు పెద్దవైపోతాయన్న ప్రచారం మనదగ్గర జోరుగా సాగుతోంది. నెమ్మదిగా ఊపిరి తీయడం ఆయాసాన్ని అదుపులో పెట్టుకోవడానికి ఉపయోగపడవచ్చు; డయాఫ్రమ్ మీది కొవ్వు బరువును మాత్రం అది దించదు. బరువు తగ్గితే ఈఆర్‌వీ తిరిగి పెరుగుతుంది, బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స తర్వాత ఆ పెరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది. అడిగిన పాఠకుడికి ఒక సూచన: బలంగా ఊదించే పరీక్షలో ఈఆర్‌వీ తేలదు, నెమ్మదిగా ఊదించే పరీక్ష విడిగా చేయించమని వైద్యుణ్ని అడగండి. ఆయాసంతోపాటు కాళ్ల వాపు, ఛాతీనొప్పి, పగటిపూట ఆగని నిద్రమత్తు ఉంటే మాత్రం ఇదంతా కొవ్వు పనేనని సరిపెట్టుకోకుండా గుండెనూ, నిద్రలో శ్వాసనూ పరీక్ష చేయించుకోవాలి.