నేషనల్ పార్కుల దగ్గర రిజర్వేషన్ లేకుండా ఆర్వీ క్యాంపింగ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఆర్వీ, అంటే పడకలు, వంటగది ఉన్న బండి, అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులు చూడాలనుకునే మన తెలుగు కుటుంబాలకు రూటు వేసిపెట్టడం నా పని. వేసవి మొదలయ్యాక వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడేది ఒకటే మాట: "బండి బుక్ చేసేశామండీ, సెలవులు కూడా పెట్టేశాం. బండి ఆపుకోవడానికి క్యాంప్‌సైట్ మాత్రం దొరకలేదు. ఇప్పుడెలా?" కంగారు పడక్కర్లేదు, దారి ఉంది. కాకపోతే ఆ దారి గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు చాలావరకు తప్పు. వాటిని నమ్ముకుని వెళ్లి, చిన్నపిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అర్ధరాత్రి చోటు కోసం తిరిగిన కుటుంబాలను చూశాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: పార్కులో సైట్ దొరకలేదంటే ట్రిప్ మానుకోవాల్సిందే.

వాస్తవం: పార్కు గేటు బయట ఉన్న భూమి ఎవరిదో ముందు చూడాలి. పశ్చిమ రాష్ట్రాల్లో పెద్ద పార్కుల చుట్టూ ఉన్న భూమిలో చాలా భాగం ప్రభుత్వానిదే. కొంత ఫారెస్ట్ సర్వీస్ చూసే నేషనల్ ఫారెస్ట్, కొంత బీఎల్‌ఎం, అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసే భూమి. వద్దని బోర్డు పెట్టిన ప్రాంతాలు వదిలేస్తే ఈ రెండు చోట్లా డిస్పర్స్‌డ్ క్యాంపింగ్, అంటే క్యాంప్‌గ్రౌండ్ కాని చోట బండి ఆపుకుని ఉండటం, చేసుకోవచ్చు. రిజర్వేషన్ ఉండదు, మామూలుగా ఫీజూ ఉండదు. చాలాచోట్ల 14 రోజుల దాకా ఉండనిస్తారు. నీళ్లు, టాయిలెట్, కరెంటు, చెత్తడబ్బా కూడా ఉండవు. మ్యాపుల్లో మామూలుగా బీఎల్‌ఎం భూమి పసుపు రంగులో, నేషనల్ ఫారెస్ట్ ఆకుపచ్చలో ఉంటాయి. ఏ రూటు వేసినా నేను మొదట చూసేది ఆ రంగులే.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి వెళ్లేవాళ్లకు టుసాయన్ ఊరి చుట్టూ కైబాబ్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. అక్కడి మట్టి రోడ్ల పక్కన రాత్రి ఆగి, పొద్దున్నే పార్కు గేటు దగ్గర ఉండొచ్చు. బ్యాడ్‌లాండ్స్‌కైతే వాల్ అనే ఊరి దగ్గర బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ ఉంది. ఆర్చెస్‌కి వెళ్లేవాళ్లకు మోయబ్ దగ్గర హైవే 128 వెంట, కొలరాడో నది ఒడ్డున, బీఎల్‌ఎం క్యాంప్‌గ్రౌండ్లు వరసగా కనిపిస్తాయి. ఫీజు కట్టాలి, కానీ విడి సైట్లకు రిజర్వేషన్ తీసుకోరు. ఆ రోడ్డు పక్కన ఎక్కడపడితే అక్కడ బండి ఆపి పడుకోవడం మాత్రం కుదరదు, నంబర్ వేసిన సైట్లలోనే ఉండాలి. ఎర్రటి కొండల మధ్య ఆ నది పక్కన ఉదయం నిద్ర లేచినవాళ్లు పార్కు లోపల సైట్ దొరకలేదని మళ్లీ బాధపడటం నేను చూడలేదు.

తూర్పున ఇలా ఉండదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌కి గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ వైపు నుంచి వెళ్తే దారంతా ప్రైవేటు భూమే. అక్కడ ఏదైనా ప్రైవేట్ ఆర్వీ పార్కుకు ముందే ఫోన్ చేసుకోవడం తప్ప వేరే సలహా నా దగ్గర లేదు.

అపోహ: ఏమీ దొరక్కపోతే పార్కు లోపలే ఏదో ఒక పార్కింగ్ లాట్‌లో రాత్రి గడిపేయొచ్చు.

వాస్తవం: కుదరదు. విజిటర్ సెంటర్ లాట్, ట్రెయిల్‌హెడ్ (నడక దారి మొదలయ్యే చోటు), రోడ్డు పక్క బండి ఆపుకునే పుల్‌అవుట్, ఎక్కడైనా సరే, క్యాంప్‌సైట్ కాని చోట పడుకుంటే రేంజర్ వచ్చి తలుపు కొడతారు. ఫైన్ వేయొచ్చు. ఆ వేళప్పుడు పంపించేస్తే ఎల్లోస్టోన్ లాంటి చోట చీకట్లో, బైసన్లు అడ్డొచ్చే రోడ్ల మీద చాలా దూరం నడపాలి. ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.

అపోహ: ఫస్ట్ కమ్ ఫస్ట్ సర్వ్ అంటే ఎప్పుడెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది.

వాస్తవం: ముందు, ఆ పద్ధతి ఏ పార్కులో మిగిలుందో చూసుకోండి. వేసవిలో ఎల్లోస్టోన్ లోపల ఫస్ట్ కమ్ సైట్లు లేవు. గ్రాండ్ టీటన్ కూడా రిజర్వేషన్ పద్ధతికి మారిపోయింది. మిగిలిన చోట్ల పెద్ద బండ్లకు ఇబ్బంది. కాన్యన్‌లాండ్స్‌లోని విల్లో ఫ్లాట్‌లో ఉన్నవే 12 సైట్లు, 28 అడుగులు దాటిన బండి పట్టదు. జాషువా ట్రీలో హిడెన్ వ్యాలీకి 25 అడుగులు హద్దు. బ్యాడ్‌లాండ్స్‌లోని సేజ్ క్రీక్ ఉచితమే, కానీ 18 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మన వాళ్లు అద్దెకు తీసుకునేవి ఎక్కువగా 25 నుంచి 30 అడుగుల బండ్లు. అద్దెకు తీసుకునే ముందే రూటు ఆలోచించమని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఇక వేళ సంగతి. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో పాతవాళ్లు 11 గంటలకో 12 గంటలకో ఖాళీ చేస్తారు. మీరు ఉదయం 8, 9 గంటలకల్లా అక్కడ ఉండాలి. నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, సామాన్లు సర్దుకుంటున్నవాళ్లను "ఈ రోజు వెళ్తున్నారా?" అని మర్యాదగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆదివారం నుంచి గురువారం దాకా అవకాశం బాగుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం వెళ్తే ఆశ పెట్టుకోవద్దు. కొన్నిచోట్ల కవర్లో డబ్బులు పెట్టి ఇనప పెట్టెలో వేయాలి, చిల్లర ఇచ్చేవాళ్లు ఉండరు. చిన్న నోట్లు దగ్గరుంచుకోండి.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లినప్పుడు ఒకరు ముందెళ్లి అందరికీ సైట్లు పట్టాలనుకుంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు ఇక్కడ కుర్చీ వేస్తే సైట్ మనదైపోదు. చాలాచోట్ల ఆ సైట్‌లో ఉండేవాళ్లే వచ్చి, డబ్బు కట్టి, అక్కడ దిగాలి.

అపోహ: సాయంత్రం 6 దాటాక రానివాళ్ల సైట్ మనకిచ్చేస్తారు.

వాస్తవం: రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైట్‌లో బుక్ చేసిన క్యాంప్‌సైట్‌ను మర్నాడు చెకౌట్ వేళ దాకా వాళ్ల పేరు మీదే ఉంచుతారు. ఖాళీగా కనపడుతున్నా క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే హోస్ట్ ఇవ్వలేరు, వాళ్ల మీద కోప్పడి లాభం లేదు. క్యాన్సిలేషన్ల మీద ఆశ పెట్టుకోవడం మాత్రం తెలివైన పనే. ఖాళీ వస్తే కబురు పంపే అలర్ట్ ఆ వెబ్‌సైట్‌లోనే పెట్టుకోవచ్చు. తేదీ దగ్గరపడే కొద్దీ, ముఖ్యంగా వారం మధ్యలో, ఒకటీ రెండు రాత్రులు ఖాళీ అవుతుంటాయి. ఆ రెండు రాత్రులు లోపల, మిగతావి బయట అడవిలో అనుకుంటే చాలా ట్రిప్పులు కుదిరిపోతాయి.

అపోహ: క్యాంపింగ్ చోట్లు చూపే యాప్‌లో పిన్ ఉంటే అక్కడికి వెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఐఓవర్‌ల్యాండర్, క్యాంపెండియం లాంటి యాప్‌లు నేనూ వాడతాను. అవి పనికొచ్చేవే, కానీ ఆ పిన్ పెట్టినవాళ్లది చిన్న వ్యాన్ అయి ఉండొచ్చు, లేదా ఆ చోటు తర్వాత మూసేసి ఉండొచ్చు. ఏ రోడ్డు పక్కన ఆగొచ్చో ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌లో చూసుకోవాలి. అది ఉచితం, ఫోన్లో దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ముందు రోజు రేంజర్ స్టేషన్‌కు ఫోన్ చేస్తే రోడ్డు ఎలా ఉందో, మంటల మీద ఆంక్షలున్నాయో చక్కగా చెప్తారు. గ్రాండ్ టీటన్ పార్కు దగ్గరి జాక్సన్ ఊరి చుట్టూ ఉన్న బ్రిడ్జర్-టీటన్ నేషనల్ ఫారెస్ట్‌లో రద్దీ ప్రాంతాల్లో వేసవిలో 5 రోజులే ఉండనిస్తారు. ఇలాంటివి పిన్ చూస్తే తెలియవు.

అద్దె ఒప్పందం కూడా చదవండి. తారు వేయని రోడ్ల మీద నడపకూడదని చాలా కంపెనీలు రాస్తాయి. అక్కడ టైరు పగిలినా, బురదలో కూరుకుపోయినా ఇన్సూరెన్స్ మీకు అండగా ఉండకపోవచ్చు. క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లే కంకర రోడ్డుకు మినహాయింపు ఉందా అని సంతకానికి ముందే అడిగి, రాతలో తీసుకోండి. నిర్ణయం ఏదైనా వెలుతురు ఉండగానే చేరండి.

అపోహ: నేషనల్ పార్కుల యాన్యువల్ పాస్ ఉంటే క్యాంపింగ్ ఫ్రీ.

వాస్తవం: అది ప్రవేశానికి మాత్రమే. 62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇచ్చే సీనియర్ పాస్‌తో చాలా ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లలో సైట్ ఫీజు సగానికి తగ్గుతుంది. మీ అమ్మగారికో నాన్నగారికో గ్రీన్ కార్డు ఉంటే తప్పకుండా తీసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇవ్వరు.

అపోహ: వాల్‌మార్ట్‌లో ఎక్కడైనా ఆపుకోవచ్చు.

వాస్తవం: అది ఆ స్టోర్ మేనేజర్ ఇష్టం, ఆ ఊరి చట్టం. ఫోన్ చేసి అడగండి. ఒప్పుకున్నా అది రాత్రి నిద్రకే, బయట కుర్చీలు వేసి పొయ్యి వెలిగించడానికి కాదు.

అపోహ: ఆర్వీలో అన్నీ ఉంటాయి కాబట్టి హుకప్ (సైట్‌లో బండికి ఇచ్చే కరెంటు, నీళ్ల కనెక్షన్) లేకపోయినా ఇంట్లో ఉన్నట్టే.

వాస్తవం: అద్దె బండ్లలో చాలావాటిలో జనరేటర్ వేస్తేనో హుకప్ ఉంటేనో తప్ప రైస్ కుక్కర్, మైక్రోవేవ్, ఏసీ పనిచేయవు. బ్యాటరీతో లైట్లు, నీళ్ల పంపు నడుస్తాయి. క్యాంప్‌గ్రౌండ్లలో జనరేటర్‌కు వేళలుంటాయి, రాత్రి వేయనివ్వరు. అన్నం గ్యాస్ స్టవ్ మీద గిన్నెలో వండుకోవడానికి సిద్ధపడండి. మనకు త్వరగా వచ్చే సమస్య నీళ్లు. బియ్యం కడగడం, పప్పు కడగడం, నూనె గిన్నెలు తోమడం, అందరి స్నానాలు కలిపితే మంచినీళ్ల ట్యాంకు ఖాళీ అవడం, వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంకు నిండటం దాదాపు ఒకేసారి జరుగుతాయి. పొదుపుగా వాడే నలుగురికి మూడు రోజులు వస్తే బాగా వచ్చినట్టే. కూరలు తరిగి తెచ్చుకోండి, మొదటి రెండు రోజులకు పులిహోర, చపాతీల్లాంటివి పెట్టుకోండి, పేపర్ ప్లేట్లు వాడండి.

నిండిన ట్యాంకును నేల మీద వదలొద్దు. టాయిలెట్ ట్యాంకైనా, గిన్నెలు కడిగిన నీళ్లైనా, ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి ఉండే డంప్ స్టేషన్‌లోనే వదలాలి. ఇలాంటి చెత్త పనుల వల్లే మంచి చోట్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తిండి, చెత్త, వాడిన స్టవ్ కూడా బయట వదలకూడదన్నది అక్కడి నిబంధన. పార్కుకు తూర్పున షొషోని నేషనల్ ఫారెస్ట్‌లో కొన్ని క్యాంప్‌గ్రౌండ్లు ఎలుగుబంట్ల వల్లే గట్టి గోడలున్న బండ్లకు మాత్రమే. టెంట్లవాళ్లకు అక్కడ చోటు లేదు, కోడీ అనే ఊరి వైపు నుంచి ఆర్వీలో వచ్చేవాళ్లు ముందు అక్కడ అడగండి.