ఖడ్గమృగం ఈనితే వడ్డీ

"జీవవైవిధ్యం కోసం 2030 నాటికి ఏడాదికి 20 వేల కోట్ల డాలర్లు సమకూర్చాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయట. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం గురించి ఆయన ప్రశ్న. చాలావరకు ప్రభుత్వ ఖజానాల్లోంచే, అంటే మన పన్నుల్లోంచే. ప్రకృతికి చేటు చేసే సబ్సిడీలను ఏడాదికి 50 వేల కోట్ల డాలర్ల మేర తగ్గించాలని కూడా అదే ఒప్పందంలో రాసుకున్నారు. నన్నడిగితే అసలు డబ్బంతా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో కూడా 2012 అక్టోబరులో ఇలాంటి సమావేశమే జరిగింది. వర్ధమాన దేశాలకిచ్చే సాయాన్ని 2015 కల్లా రెట్టింపు చేస్తామని అక్కడ మాటిచ్చారు. తీర్మానాలు చదువుతుంటే నాకు నిద్రొస్తుంది కాబట్టి వాటిని ఇంతటితో వదిలేస్తాను. ఈ లెక్కల మధ్య నాకు భలే నచ్చిన ఏర్పాటు ఒకటుంది, అదే ఖడ్గమృగం బాండు. (బాండంటే అప్పు పత్రం; కొన్నవాళ్లు డబ్బు అప్పిచ్చినట్టు, గడువు తీరాక తిరిగొస్తుంది.)

మన పల్లెల్లో ఆడ మేకపిల్లను సగం వాటాకు మేపడానికి ఇస్తుంటారు. మేక ఒకరిది, మేపు, కాపలా ఇంకొకరివి. ఈనితే పిల్లల్లో చెరిసగం, ఈనకపోతే ఇద్దరికీ ఏమీ లేదు. ప్రపంచ బ్యాంకు 2022 మార్చిలో జారీ చేసిన బాండు దాదాపు ఈ పద్ధతే. మేక బదులు దక్షిణాఫ్రికాలోని నల్ల ఖడ్గమృగం. పిల్లను ఎవరూ ఇంటికి తోలుకుపోరు, అది పుట్టినందుకు మూడో మనిషి డబ్బు కడతాడు.

మొత్తం 15 కోట్ల డాలర్లు, గడువు అయిదేళ్లు. 100 డాలర్ల బాండును 94.84కు అమ్మారు. మామూలు బాండులా ఏటా వడ్డీ రాదు. ఆ వడ్డీకి బదులుగా బ్యాంకు సుమారు కోటి డాలర్లు రెండు రక్షిత ప్రాంతాలకు ఇస్తుంది: ఆడో ఎలిఫెంట్ నేషనల్ పార్కు, గ్రేట్ ఫిష్ రివర్ అభయారణ్యం. గడువు తీరాక అసలు 100 డాలర్లకు ఢోకా లేదు, హామీ ప్రపంచ బ్యాంకుది. ఖడ్గమృగాలు పెరిగితే పైన బోనస్. దాన్ని ఇచ్చేది గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ అనే అంతర్జాతీయ నిధి, గరిష్ఠంగా 1.376 కోట్ల డాలర్లు. అంటే 100కి సుమారు 9.17.

ఇక లెక్క కడదాం. ఖడ్గమృగాలు పెరగలేదనుకోండి. 94.84 అయిదేళ్లలో 100 అవుతుంది, చక్రవడ్డీలో ఏడాదికి ఒక శాతం పైన కొద్దిగా. బాగా పెరిగితే చేతికొచ్చేది 109.17, అంటే ఏడాదికి 2.85 శాతం. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వ అయిదేళ్ల బాండు రెండు శాతం పైచిలుకు ఇచ్చేది. కాబట్టి గెలిస్తే కాస్త ఎక్కువ, ఓడితే సగం వడ్డీ గల్లంతు. ఫలితం ఎలా ఉన్నా పార్కులకు డబ్బు ముందే చేరిపోతుంది. మేక ఈనినా ఈనకపోయినా మేపేవాడికి కూలి గిట్టుబాటైంది, నష్టభయం మేక యజమాని నెత్తిన పడింది. మూడో మనిషి ఈనినప్పుడు మాత్రమే జేబులో చెయ్యి పెడతాడు. సాయం చేసే నిధికి ఇంతకన్నా మంచి బేరం ఏముంటుంది?

బోనస్ మెట్లుగా ఉంటుంది. పెరుగుదల సున్నా అయితే ఏమీ లేదు, ఏడాదికి 4 శాతం దాటితే మొత్తం బోనస్ వస్తుంది. నాలుగే ఎందుకు? నల్ల ఖడ్గమృగం చూలు 15 నెలలు పైనే. ఆడది తొలిసారి ఈనేసరికి దానికి ఆరేడేళ్లు. ఒక కాన్పుకీ మరో కాన్పుకీ మధ్య రెండున్నర, మూడేళ్లు. ఊహకు 100 జంతువులు అనుకోండి. అందులో ఈతకొచ్చిన ఆడవి ఓ 30. మూడేళ్లకొక కాన్పు చొప్పున ఏడాదికి 10 పిల్లలు. ముసలితనం, కొట్లాటలు, జబ్బులు, కరువు కలిసి నాలుగింటిని తీసుకుపోతే నికరంగా ఆరు శాతం. వేటగాళ్లు ఒక్క మూడింటిని కాలిస్తే మూడు శాతానికి పడిపోయి బోనస్‌లో కోత. మూడు తుపాకీ గుళ్లకు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న ఫండ్ మేనేజరుకు టెన్షన్ పట్టుకుంటుంది. ఈ ఏర్పాటులో నాకు నచ్చింది అదే.

ఆ కాల్పులకు కారణం కొమ్ము. అది కెరాటిన్, మన గోళ్లలోనూ వెంట్రుకల్లోనూ ఉన్న పదార్థమే. జ్వరానికి మందని తూర్పు ఆసియాలో అరగదీసి తాగుతారు. నవ్వుకోకండి, క్షుద్రపూజలంటూ దేవాంగపిల్లిని పట్టి హింసించే మూర్ఖత్వం మన దగ్గరా ఉంది. క్లాసులో కెరాటిన్ నిర్మాణం చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెబితే పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు. 1970 ప్రాంతంలో 65 వేలున్న నల్ల ఖడ్గమృగాలు 1990ల మధ్యకల్లా రెండున్నర వేల లోపుకు వచ్చేశాయి. ఇప్పుడు ఆరు వేలు దాటాయి.

ఇంకో చిక్కుంది. పార్కులో జంతువులు కిక్కిరిస్తే మేతకు పొదలు చాలవు, కాన్పుల మధ్య ఎడం పెరుగుతుంది, పెరుగుదల దానంతటదే మందగిస్తుంది. అందుకని కొన్నిటిని ఎప్పటికప్పుడు వేరే చోటికి తరలించాలి. తరలించినవాటిని చచ్చినవాటిలో కలిపితే లెక్క తారుమారు. తరలించడమూ చూసి తీరాల్సిందే. మత్తిచ్చి, నాలుగు కాళ్లూ కట్టి, హెలికాప్టరుకు తలకిందులుగా వేలాడదీస్తారు. పక్కకు పడుకోబెట్టినప్పటికన్నా అలా వేలాడినప్పుడు రక్తంలో ఆక్సిజన్ రవ్వంత మెరుగని తేల్చినవాళ్లకు 2021లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చేది) ఇచ్చారు.

మరి లెక్కపెట్టేది ఎలా? చెవులకు గాట్లు పెడతారు. ఏ చెవిలో ఎక్కడ గాటు ఉంటే ఏ అంకె అనేది ముందే ఖాయం చేసుకుంటారు. గాట్లన్నీ కూడితే ఆ జంతువు నంబరు. దుర్భిణీలో చెవులు కనబడితే చాలు, హాజరు వేసేయవచ్చు. ఇదంతా లేకపోతే బాండు లేదు. ఏ ఆడిటరూ "ఖడ్గమృగాలు బాగానే ఉన్నట్టున్నాయి" అని సంతకం పెట్టడు కదా.

చిక్కంతా అక్కడే. బాండు పనికొచ్చేది పెద్దగా, విడివిడిగా, గుర్తుపట్టేలా ఉండే జంతువులకే. మన కడప జిల్లా కలివికోడిని తీసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో శ్రీలంకమల్లేశ్వర ప్రాంతపు చిట్టడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరుగుతుంది, మనిషి కంటబడదు. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వాటి మీద అడుగుల గుర్తులు వెతికేవారు. ఉన్నదీ లేనిదీ తేల్చడానికే ఇంత పాట్లు. ఏడాదికి 4 శాతం పెరిగిందని ఎవరు తేలుస్తారు? 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసంలోకి వచ్చినప్పుడు బాండు కొనేవాళ్లెవరూ రాలేదు. గొడవ సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లింది. కాలువ దారి మళ్లించారు, అభయారణ్యం పక్కన భూసేకరణకు పూనుకున్నారు. ఖర్చంతా రాష్ట్ర ఖజానాదే.